సాలార్‌జంగ్: ఒక బిరుదు, దాని వారసులు

మా మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో ఇద్దరు గట్టు తగవు పడితే మూడవ మాటగా తప్పక వచ్చేది ఒకటున్నది: “ఏం, ఇది మీ తాత జాగీరా?” తెలుగునాట ఎక్కడైనా వినిపించే పలుకుబడే గాని, ఇక్కడ దానికి కొంత చారిత్రక బరువు ఉన్నది. నిజాం పాలనలో ఈ నేల అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోనిది. ‘బల్దా’ అంటే నగరం, ‘అత్రాఫ్’ అంటే చుట్టుపక్కల. నగరాన్ని చుట్టుకొని ఉన్న ఈ జిల్లా నిజాం ప్రభువు సొంత ఖర్చులకు ప్రత్యేకించిన ‘సర్ఫ్-ఎ-ఖాస్’ ఆస్తి. అనగా మా తాతల కాలంలో ఇక్కడి శిస్తు దివానీ ఖజానాకు గాక నేరుగా ప్రభువు ఇంటికి వెళ్ళేది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ దివానీలో కలిసిపోయింది. తరువాత మేడ్చల్ హైదరాబాదు జిల్లాలోను, 1978 నుండి రంగారెడ్డి జిల్లాలోను ఉండి, 2016 అక్టోబరులో తన పేరు మీదనే ఒక జిల్లా అయింది. పలుకుబడి మాత్రం పాతదే.

ఆ పలుకుబడిలో ఒక చమత్కారం ఉన్నది. తాత జాగీరు మనుమడిదే అయి తీరుతుందని అది ముందుగానే ఒప్పుకొంటున్నది. కాని మొగలాయి సంప్రదాయం ఆ సంగతిని అంగీకరించదు. జాగీరు ప్రభువు ఇచ్చిన జీతం వంటిది. పుచ్చుకున్నవాడు కన్నుమూస్తే అది ఇచ్చినవాని చేతికి తిరిగి వెళ్ళాలి. బిరుదు కూడా అంతే. కొడుకుకు దక్కిందంటే అది ప్రభువు మళ్ళీ కొత్తగా ఇచ్చినందువల్లనే గాని, తండ్రి విడిచి వెళ్ళినందువల్ల కాదు. ఈ సూక్ష్మాన్ని పట్టుకొని ఒక బిరుదు కథ చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒకసారి పిల్లలను సాలార్‌జంగ్ మ్యూజియం చూపించడానికి తీసుకొనివెళ్ళాము. తిరుగు ప్రయాణంలో శామీర్‌పేట నుండి వచ్చే ఒక ఎనిమిదవ తరగతి పిల్లవాడు అడిగాడు: “సార్, సాలార్‌జంగ్ ఒకటి, రెండు, మూడు అని రాసిండ్రు గద, అది పేరా, కొలువా?” ఆ ప్రశ్నకు అప్పుడు బస్సులో నేను చెప్పినది రెండు ముక్కలు. ఇప్పుడు తీరికగా చెప్పుకుందాము.

ముందు మాట అర్థం. ‘సాలార్’ అనగా నాయకుడు, ‘జంగ్’ అనగా యుద్ధం. రెండూ పారసీక పదాలే. సంస్కృతంలో చెప్పవలసి వస్తే రణనాయకుడు అనవచ్చును. ఈ మధ్య 2023లో వచ్చిన ప్రభాస్ సినిమా పుణ్యమా అని మొదటి ముక్క పిల్లలందరికీ తెలిసింది. హైదరాబాదు దర్బారులో బిరుదులకు ఒక నిచ్చెన ఉండేది. ‘ఖాన్’ అడుగుమెట్టు. దాని మీద ‘జంగ్’, ఆపైన ‘దౌలా’, ఆపైన ‘ముల్క్’, దానికి మించి ‘ఉమరా’, అన్నింటి పైన ‘జాహ్’. హిందూ ఉద్యోగులకు ‘రాయ్’, ‘రాజా’, ‘వంత్’, ‘మహారాజా’ వంటి వేరే మెట్లుండేవి. ఒకే వ్యక్తి ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ ఆ బిరుదులన్నీ మోస్తాడు. ఈ లెక్కన ‘జంగ్’ కింది మెట్టుదే. మనం సాలార్‌జంగ్ అని పిలిచే మీర్ తురాబ్ అలీ ఖాన్‌కు షుజా-ఉద్-దౌలా, ముఖ్తార్-ఉల్-ముల్క్ అనే పెద్ద బిరుదులు కూడా ఉన్నాయి. హైదరాబాదు దస్తావేజులలో ఆయన ముఖ్తార్-ఉల్-ముల్కే. లోకం మాత్రం పై మెట్లు వదిలేసి కింది మెట్టునే పట్టుకొన్నది. ఇంగ్లీషువారి నోటికి అది పలకడం సులువు కావడం ఒక కారణమని నా ఊహ. పోతే, ఈ ‘రణనాయకుడు’ జీవితమంతా దఫ్తరులోనే గడిపాడు. ఆయన చేసిన యుద్ధాలన్నీ లెక్కల పుస్తకాలతోనే.

ఆ బిరుదు ఆయనతో పుట్టలేదు. అంతకు మునుపే దర్గా కులీ ఖాన్ అనే ఆయన సాలార్‌జంగ్. మొదటి నిజాం ఉల్ ముల్కు వెంట 1738 ప్రాంతాన ఢిల్లీ వెళ్ళి, ఆ నగర వైభవాన్ని, అక్కడి గాయకులను, నర్తకులను, ఫకీర్లను గురించి పారసీకంలో ఒక గ్రంథం వ్రాసినవాడు ఈయనే. 1766లో మరణించాడు. మన తురాబ్ అలీ ఖాన్ కుటుంబంతో వియ్యపు బంధుత్వం ఉన్నవాడు. ఆయనతో బిరుదు ఆగింది. కొడుకు నుండి కొడుకుకు జారలేదు. ఎన్నో యేళ్ళ తరువాత అదే శబ్దాన్ని మరొక నిజాం మరొకరికి ఇచ్చాడు. మ్యూజియం వారి ‘మొదటి, రెండవ, మూడవ’ అనే అంకెలు తురాబ్ అలీ ఖాన్ నుండి మొదలుపెట్టి ఇంగ్లీషు పద్ధతిలో వేసినవి. దర్బారు అలా లెక్క పెట్టేది కాదు.

ఇక్కడ మన తెలుగు బిరుదు సంగతి కూడా ఒకమాట. మన రాజుల బిరుదులు సింహాసనంతో పాటు నడిచేవి. ‘మూరురాయరగండ’ అనేది విజయనగరంలో బుక్కరాయల నాటి నుండి కృష్ణదేవరాయల వరకు చెల్లింది. ‘చలమర్తిగండ’ కాకతీయులది. గద్దె ఎక్కినవాడు బిరుదగద్యాన్ని కూడా ఎక్కించుకొనేవాడు, ఎవరినీ అడగనవసరం లేదు. ఖితాబు అలాంటిది కాదు. ఇచ్చే చెయ్యి ఒకటి పైన ఉండాలి. బిరుదు, ఖితాబు అనే రెండు మాటలను మనం పర్యాయపదాలుగా వాడుతున్నాము గాని, నా దృష్టిలో వాటి ధర్మాలు వేరు. ఇకపై నేను బిరుదు అన్నా ఆ తేడాను మనసులో ఉంచుకొని చదువుకోవాలని మనవి.

తురాబ్ అలీ ఖాన్‌కు దివాన్‌గిరీ ఎలా వచ్చిందో చూస్తే ఈ వంశం నడక అర్థమవుతుంది. కథ మీర్ ఆలంతో మొదలవుతుంది. ఆయన అసలు పేరు మీర్ అబుల్ ఖాసిం. తండ్రి ఇరాన్‌లోని షూస్తర్ నుండి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డాడు. నిజాం తరఫున ఇంగ్లీషువారి వద్ద వకీలుగా పనిచేసి, 1799లో టిప్పు సుల్తాను మీదికి వెళ్ళిన నిజాం సేనకు నాయకుడయ్యాడు. 1804 నుండి 1808లో మరణించేవరకు దివాను. పాతబస్తీ అవతల ఆయన పేరు మీద ఉన్న చెరువు ఆ కాలంలో కట్టించినదే. కొడుకు తన కంటె ముందే పోయాడు. కనుక ఆయన ప్రాభవం అల్లుడు మునీర్-ఉల్-ముల్కుకు సంక్రమించింది. దివాన్‌గిరీ 1809 నుండి 1832 వరకు ఈయన పేరున సాగింది. పేరున అన్నాను, ఎందుకంటే ఆ కాలంలో అసలు అధికారం పేష్కారు చందూలాల్‌ది. మునీర్-ఉల్-ముల్కు కొడుకు సిరాజ్-ఉల్-ముల్కు రెండు దఫాలు దివానయ్యాడు. 1853 మే 21న బేరారును ఇంగ్లీషువారికి అప్పగించే సంధి జరిగింది. ఆ తరువాత వారం తిరగకుండానే సిరాజ్-ఉల్-ముల్కు మరణించాడు. నెలాఖరుకు ఆయన అన్నదమ్ముల బిడ్డ, ఇరవై నాలుగేళ్ళ తురాబ్ అలీ ఖాన్, దివానయ్యాడు.

చూడండి: మామ నుండి అల్లునికి, చిన్నాన్న వరస నుండి కొడుకు వరసకు. తండ్రి నుండి పెద్దకొడుకుకు అనే గీత ఇందులో ఎక్కడా లేదు. రక్తం తోడ్పడింది నిజమే, కాని ప్రతిసారీ నిజాం ఒప్పుకోవాలి, రెసిడెంటు తల ఊపాలి.

ఇప్పుడు ఒక ఐర్లండు బిరుదు సంగతి. సంబంధం ఏమిటని అనుకోవద్దు, చాలా ఉన్నది. సైన్యసహకార పద్ధతి, వెల్లస్లీ ప్రభువు అని మనమంతా సాంఘికశాస్త్రంలో వల్లెవేసినవాళ్ళమే. 1798 సెప్టెంబరు 1న నిజాం అలీ ఖాన్‌తో సంధి కుదిరేనాటికి ఆయనను లోకం పిలిచింది వెల్లస్లీ ప్రభువు అని కాదు, మార్నింగ్టన్ ప్రభువు అని. ‘అర్ల్ ఆఫ్ మార్నింగ్టన్’ ఐర్లండు రాజ్యపు బిరుదు, 1760లో సృష్టి అయింది. పుచ్చుకున్నవాడు ఆయన తండ్రి గారెట్ వెస్లీ, డబ్లిన్ విశ్వవిద్యాలయంలో సంగీతాచార్యుడు. ఆ ఇంటి పేరు కూడా ఎరువు తెచ్చుకున్నదే. గారెట్ తండ్రి పుట్టుకతో కాలీ ఇంటివాడు. సంతానం లేని వెస్లీ బంధువు ఒకాయన తన ఆస్తిని అతనికి వ్రాసి, నా ఇంటిపేరు పెట్టుకోవాలని షరతు పెట్టాడు. 1728లో కాలీవారు వెస్లీలయ్యారు. మన దత్తతకు ఇది పినతల్లి బిడ్డ వంటిది, హోమం ఒక్కటే తక్కువ. తరువాతి తరంలో వెస్లీని సాగదీసి వెల్లస్లీ చేసుకున్నారు.

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. నిజాం సేన నడిపినవాడు మీర్ ఆలం, ఆ సేనకు తోడుగా వెళ్ళిన ఇంగ్లీషు పటాలంతో ఉన్నవాడు గవర్నర్ జనరల్ తమ్ముడు ఆర్థర్. వాటర్లూ పుణ్యాన తరువాత వెల్లింగ్టన్ డ్యూకు అయినది ఈ ఆర్థరే. సాలార్‌జంగుల పూర్వికుడు, మార్నింగ్టన్ల తమ్ముడు ఒకే దండులో నడిచారన్నమాట. విజయానికి బహుమానంగా రిచర్డు వెల్లస్లీకి 1799 డిసెంబరులో మార్క్విస్ హోదా ఇచ్చారు, అది కూడా ఐర్లండు జాబితాలోనే. ఇంగ్లండు జాబితాలో చోటు దక్కుతుందని ఆశించిన ఆ మహానుభావుడు మండిపడి, దాన్ని రెండు పూతల బంగారు మలాము చేసిన ఆలుగడ్డ అని ఎత్తిపొడిచాడు. ఐర్లండువారికి ఆలుగడ్డ అంటే మనకు జొన్నరొట్టె అన్నట్లు. ఆ మరుసటి సంవత్సరం, 1800లో, జరిగిన సంధితోనే నిజాం బళ్ళారి, కడప ప్రాంతాలను కుంపిణీకి ఇచ్చివేశాడు. వాటికి దత్త మండలాలని పేరు పడింది. ఇచ్చివేసిన సీమకు, తెచ్చుకున్న కొడుక్కు భాషలో ఒకటే ధాతువు.

ఇంతకూ ఐర్లండు బిరుదు ధర్మం ఏమిటంటే, సృష్టించేనాడే రాజపత్రంలో వారసత్వపు గీత వ్రాసి ఉంటుంది. పుచ్చుకున్నవాని శరీరజాతులైన, ధర్మపత్నికి పుట్టిన మగ సంతానానికి, అందులోను పెద్దవానికి. ఆ తరువాత రాజుకు ఇష్టమున్నా లేకున్నా గీత మారదు. రిచర్డుకు పిల్లలున్నారు గాని, వారందరూ తల్లితో ఆయన పెండ్లికి మునుపే పుట్టినవారు. కనుక 1842లో ఆయన పోగానే మార్క్విస్ హోదా అంతరించింది. మార్నింగ్టన్ మాత్రం తండ్రి పేరిట సృష్టి అయినది కనుక తమ్ముడు విలియమ్‌కు వెళ్ళింది. అతని కొడుకు నాలుగవ అర్ల్. పెండ్లితో వచ్చిన అపారమైన సొత్తును తగలేసి, వాన్‌స్టెడ్ అనే రాజభవనంలోని సామాను 1822లో వేలం వేయించి, చివరికి ఆ భవనమే కూల్చబడే దశకు తెచ్చిన ఘనుడు. ఐదవ అర్ల్ 1863లో అవివాహితుడుగా చనిపోయాడు. గీత వెనక్కు నడిచి ఆర్థర్ కొడుకు, రెండవ వెల్లింగ్టన్ డ్యూకు, దగ్గర ఆగింది. ఇప్పుడది డ్యూకు గారి పెట్టెలోని చిన్న బిరుదు. మర్యాదకు ఆయన మనుమడు వాడుకుంటున్నాడు. సంధి చేసినవాడు పోయాడు, సొత్తు పోయింది, కోట పోయింది, ఐర్లండులో ఆ రాజ్యమే పోయింది. పేరొక్కటి గీత పట్టుకొని నడుస్తూనే ఉన్నది.

మళ్ళీ హైదరాబాదుకు వద్దాము. మొదటి సాలార్‌జంగ్ ముప్పై యేళ్ళు, ముగ్గురు నిజాముల కింద దివాను. జిల్లాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా, తాలూకాలుగా విడగొట్టింది ఆయనే. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు ఇంగ్లీషు పక్షాన నిలిచింది కూడా ఆయనే. ఈ రెండవ సంగతిని మరుగుపరచి మొదటిదే చెప్పే వ్యాసాలు నాకు నచ్చవు. బేరారును తిరిగి తేవాలని జీవితమంతా ప్రయత్నించి, 1876లో ఇంగ్లండు దాకా వెళ్ళి, వట్టి చేతులతో, ఆక్స్‌ఫర్డువారి గౌరవపట్టంతో తిరిగి వచ్చాడు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి ఒక్క రోజులో పోయాడు.

ఆయన పెద్దకొడుకు మీర్ లాయక్ అలీ ఖాన్‌ను 1884లో యువకుడైన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దివానుగా నియమించాడు. దివానుకు ఇరవై ఒకటి, ప్రభువుకు పదిహేడు నిండి పద్దెనిమిది. ఇద్దరికీ పొసగలేదు. 1887లో లాయక్ అలీ ఖాన్ పదవి వదిలాడు. 1889 జూలైలో ఇరవై ఆరేళ్ళకే మరణించాడు. అప్పటికి ఆయన కొడుకు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పుట్టి నెల కూడా కాలేదు. జూన్ 13న పుణెలో పుట్టిన పసికందు.

ఈ చోట నేను కొంచెంసేపు ఆగదలచాను. ఐర్లండు లెక్కలో అయితే ఆ పసివాడు తండ్రి కన్ను మూసిన క్షణంలోనే ప్రభువు. ఊయలలోని బిడ్డకు కూడా బిరుదు దానంతట అదే అంటుకుంటుంది. హైదరాబాదులో అలా కుదరదు. ఆ బిడ్డను సాలార్‌జంగ్ చేయవలసినది నిజాం. ఎస్టేటును సర్కారు పర్యవేక్షణలో ఉంచవలసినది, పెద్దవాడైన తరువాత తిరిగి అప్పగించవలసినది కూడా నిజామే. ఎస్టేటు సామాన్యమైనది కాదు. దాదాపు 1,500 చదరపు మైళ్ళ విస్తీర్ణం, మూడు వందలకు పైగా గ్రామాలు. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న కొప్పళ, యలబుర్గ అందులోవే. ఏ జాగీర్దారు మరణించినా వారసత్వ విచారణ జరగాలి, నజరానా చెల్లాలి, అప్పుడు ‘ముంతఖబ్’ అనే నిర్ణయపత్రం వస్తుంది. ఈ దానభూముల వ్యవహారాలన్నింటినీ కలిపి ‘అతియాత్’ అనేవారు. అతా అంటే ఇవ్వడం. మళ్ళీ ఇచ్చే చెయ్యే. మహబూబ్ అలీ ఖాన్ ఆ పిల్లవానిని చేరదీసి, తాత బిరుదును ఇచ్చాడు. 1912లో ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనను దివాను చేశాడు. అప్పటికి ఇరవై మూడేళ్ళు. 1914లో పదవి వదిలాడు. తక్కిన ముప్పై అయిదేళ్ళూ వస్తువులు సేకరించాడు. ఆ సేకరణ గురించి అందరూ వ్రాశారు, నేను వదిలేస్తున్నాను.

ఆయన పెండ్లి చేసుకోలేదు. 1949 మార్చి 2న మరణించాడు. హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగి అప్పటికి ఆరు నెలలు కాలేదు. మరో అయిదున్నర నెలలకు, 1949 ఆగస్టు 15న, జాగీర్ల రద్దు శాసనం అమలులోకి వచ్చింది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం 18వ అధికరణం రాజ్యం బిరుదులు ఇవ్వరాదని చెప్పింది. అనగా ఒక యేడాది లోపల పుచ్చుకొనే మనిషి, ఆనుకొనే భూమి, ఇచ్చే చెయ్యి, మూడూ వరుసగా పోయాయి. ఆయనకు కొడుకులు పదిమంది ఉన్నా నాలుగవ సాలార్‌జంగ్ ఉండేవాడు కాడు.

బిరుదు పోయింది గాని ఆస్తి ఉన్నది కదా. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో దత్తత లేదు, జ్యేష్ఠభాగం లేదు. ఆస్తి దగ్గరి బంధువుల నుండి మొదలై వాటాలుగా పంచబడుతుంది, ఆడవారికి కూడా భాగం ఉన్నది. సాలార్‌జంగ్ కుటుంబం షియా శాఖది, ఆ శాఖలో వారసుల తరగతుల లెక్క మరికొంత భిన్నం. బిరుదును వాటాలు వేయలేము, ఆస్తిని వేయకుండా ఉండలేము. ఇదే చిక్కు. మన మితాక్షరంలో కూడా ఉన్నదే. ‘దాయం’ అంటే వాటా, వాటాకు వచ్చినవాడు ‘దాయాది’. నేడు ఆ మాటకు శత్రువనే అర్థం ఎందుకు వచ్చిందో వేరే చెప్పాలా? ఆంధ్ర జమీందార్ల సంస్థానాలు ముక్కలు కాకుండా ఉండడానికి మద్రాసు ప్రభుత్వం 1904లో అవిభాజ్య ఎస్టేట్ల చట్టం చేయవలసి వచ్చింది. సాలార్‌జంగ్ విషయంలో బంధువులు ఎందరో ముందుకు వచ్చారు. సేకరణ చెల్లాచెదరు కాకుండా దివాన్ దేవిడీలోనే ప్రదర్శనశాల ఏర్పాటు చేసి, 1951 డిసెంబరు 16న నెహ్రూ చేత ప్రారంభింపజేశారు. తరువాత వారసులతో రాజీ కుదిరి, అది న్యాయస్థానం ద్వారా ఖరారై, 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న కట్టడంలోకి మారింది. ఇంతమంది దాయాదులుండి కూడా ఆ వస్తువులు ఒక్కచోట నిలవడం నన్ను నేటికీ ఆశ్చర్యపరుస్తుంది. వాన్‌స్టెడ్ సామానుకు ఆ భాగ్యం కలగలేదు.

సాక్షాత్తు నిజాం బిరుదుకే వారసత్వం స్థిరంగా ఉండేది కాదు. 1748లో మొదటి నిజాం పోగానే కొడుకు నాసిర్ జంగ్, కూతురు కొడుకు ముజఫర్ జంగ్ పోట్లాడుకున్నారు. మొదటివాడు 1750లో, రెండవవాడు 1751లో మన రాయచోటి సమీపంలో హతులయ్యారు. 1936లో ఇంగ్లీషువారు యువరాజు ఆజం జాకు ‘బేరారు యువరాజు’ అని వేల్స్ యువరాజు ఫక్కీలో బిరుదు సృష్టించారు. బేరారు వారి చేతిలోనే, పేరు ఇతనిది! ఆ బిరుదు పొందినవానిని కాదని ఉస్మాన్ అలీ ఖాన్ మనుమడు ముకర్రం జాను వారసుడుగా నిర్ణయించాడు. 1967లో తాత పోగానే భారత ప్రభుత్వం ముకర్రం జానే గుర్తించింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ ఆ గుర్తింపులన్నింటినీ రద్దు చేసింది. 2023 జనవరిలో ముకర్రం జా ఇస్తాంబుల్‌లో మరణించి మక్కా మసీదులో ఖననమైన తరువాత తొమ్మిదవ నిజాం ఎవరన్న చర్చ లేచింది. ఇచ్చే చెయ్యి లేని కాలంలో దానికి కుటుంబ గౌరవం తప్ప వేరే అర్థం లేదు.

అయితే ఇది కేవలం ముచ్చటకు చెప్పుకొనే సంగతి అనుకుంటే పొరపాటు. రెండేళ్ళ క్రితం నా పాత విద్యార్థి ఒకడు, ఇప్పుడు నలభై దాటిన సంసారి, ఒక కాగితాల కట్ట పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. మా తండ్రిగారి వల్ల నాకు ఉర్దూ లిపి కొంత పరిచయమని వాడికి తెలుసు. జిల్లాలో ఒక చోట ప్లాటు కొనాలని బయానా ఇవ్వబోతున్నాడు. అమ్మేవారి హక్కు ఒక నవాబు వంశస్థుల నుండి వచ్చినదట. కట్టలో పైన ఒక ముంతఖబ్ నకలు, దాని కింద వంశవృక్షం.

“సార్, నవాబు మనుమడే దస్కతు పెట్టిండు. తాత జాగీరు మనుమనిది కాకపోతే ఎవలది? ఇంకేం భయం?” అన్నాడు.

“బిడ్డా, ముందు ఇది చెప్పు. నవాబుకు ఈ భూమి ఎట్లా వచ్చింది? కొన్నాడా, జాగీరుగా దొరికిందా?” అన్నాను.

వాడు ఆ ప్రశ్న అడగనే లేదు. జాగీరు అయితే అది 1949లోనే ప్రభుత్వపరమైంది. జాగీర్దారుకు దక్కినది నిర్ణీతమైన పరిహారం. సొంత సేద్యపు భూమి, కొన్న భూమి, ఇల్లు, ఇవి వేరు. వాటికే వారసత్వం వర్తిస్తుంది. ఆ రెంటినీ కలగలిపితే వచ్చే అనర్థానికి మా జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉన్నది. పాయిగా ప్రభువులు మూడు శాఖలు: ఆస్మాన్ జా, ఖుర్షీద్ జా, వికార్-ఉల్-ఉమరా. వీరి పూర్వికులకు షమ్స్-ఉల్-ఉమరా అనే బిరుదు వరుసగా నలుగురికి దక్కింది, అదీ మళ్ళీ మళ్ళీ ఇవ్వబడుతూనే. అందులో ఖుర్షీద్ జా 1902లో మరణించాడు. ఆయన ఆస్తి పంపకానికై వారసుల మధ్య నడిచిన దావా హైకోర్టులో 1958వ సంవత్సరపు 14వ నంబరు. ప్రాథమిక డిక్రీ 1963 జూన్‌లో వచ్చింది. ఆ దావా జాబితాలోని హైదర్‌నగర్ భూములు నేటి మా మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనివి. వారసుల వాటాలు చేతులు మారాయి, కొన్నవారు మళ్ళీ అమ్మారు. అక్కడ పట్టా ఉన్న రైతులు, ఇండ్లు కట్టుకున్నవారు ఎదురు నిలిచారు. చివరికి సర్వోన్నత న్యాయస్థానం 2023 జూన్‌లో తీర్పు చెబుతూ, వారసుల నుండి హక్కులు పొందామన్నవారి వాదనను అంగీకరించలేదు. దావా మొదలైననాడు పుట్టినవారు తీర్పునాటికి షష్టిపూర్తి కూడా చేసుకున్నారు.

ముంతఖబ్ చదివి చెప్పాను. అందులో మంజూరైనది భూమి కాదు, ఏటేటా కొంత నగదు. వంశవృక్షం సరిగానే ఉన్నదేమో, నాకు తెలియదు, అది ఇక్కడ అక్కరకు రాదు. శామీర్‌పేటలో న్యాయవిశ్వవిద్యాలయమే ఉన్నది కదా, భూమి చట్టం తెలిసినవారెవరినైనా కలవమని, పాత పహాణీలు 1950ల నుండి తీయించి చూడమని చెప్పాను. బయానా ఇవ్వకుండా వాడు పహాణీల కోసం వెళ్ళాడు. వచ్చిన నకళ్ళలో పట్టాదారు గడిలో నవాబు పేరు లేదు, వాడి పక్క ఊరి కాపుల పేర్లున్నాయి.